కార్డు 5 లక్షలు, పాలసీ 15 లక్షలు: కలిపితే 20 అవుతుందా?

రిటైరైనవాళ్లకు ఏజెంట్లు తరచూ చెప్పే లెక్క ఒకటుంది. “సార్, మీకు సర్కారు కార్డు ఎలాగూ 5 లక్షలకు ఉంది. దాని పైన 5 లక్షల డిడక్టబుల్‌తో 15 లక్షల సూపర్ టాప్‌అప్ తీసుకోండి. ప్రీమియం తక్కువ. మొత్తం 20 లక్షలు.” వినడానికి లెక్క కుదిరినట్టే ఉంటుంది. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి కుదరదు. ఎందుకో ఒక బిల్లు వేసి చూద్దాం.

చేవెళ్లలో ఉండే 71 ఏళ్ల పెద్దాయనకు గుండెపోటు వచ్చిందనుకోండి. పిల్లలు కంగారులో గచ్చిబౌలి వైపు ఒక కార్పొరేట్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ ఆయన కార్డు తీసుకోరు. బిల్లు 7,20,000 రూపాయలు అయింది. ఇంట్లోవాళ్లు అనుకున్నది: కార్డు 5 లక్షలు, పాలసీ 2,20,000, చేతి నుంచి సున్నా. జరిగేది: కార్డు సున్నా, పాలసీ 2,20,000, చేతి నుంచి 5 లక్షలు. అదే చికిత్స కార్డు చెల్లే ఆసుపత్రిలో అయితే ప్యాకేజీ రేటు ప్రకారం డబ్బు నేరుగా ఆసుపత్రికి వెళ్తుంది. రోగి కట్టాల్సింది ఉండదు కాబట్టి పాలసీ ఇవ్వాల్సిందీ ఉండదు. అంటే కార్డు పనిచేసిన చోట పాలసీ అవసరం పడలేదు, పాలసీ అవసరం పడిన చోట కార్డు పనిచేయలేదు. రెండూ ఒకే బిల్లు మీద కలవడం అరుదు.

డిడక్టబుల్ అంటే బిల్లులో మొదట మనం భరించాల్సిన మొత్తం. దాన్ని కార్డు పరిమితికి సమానంగా పెట్టుకోవడంలోనే చిక్కంతా ఉంది. అప్పు చేయకుండా, బంగారం తాకట్టు పెట్టకుండా వారం రోజుల్లో ఎంత తేగలరో అంత మాత్రమే డిడక్టబుల్ ఉండాలి. బ్యాంకులో 2 లక్షలుంటే 2 లక్షలు, 3 ఉంటే 3. ప్రీమియం కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి. 5 లక్షలు మిత్తికి తెచ్చి కట్టే ఇల్లు ఆ ఏడాదితో కోలుకోదు.

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఒకే వీధిలో నాలుగైదు రకాల కార్డులు ఉండొచ్చు. రాష్ట్ర ప్రభుత్వంలో చేసి దిగినవాళ్లకు, ఫ్యామిలీ పింఛనుదారులకు ఉద్యోగుల హెల్త్ కార్డు ఉంటుంది. కేంద్రంలో చేసినవాళ్లకు సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్. రేషన్ కార్డున్న కుటుంబాలకు ఆరోగ్యశ్రీ. ఇది 2007 ఏప్రిల్ 1న మొదలైంది, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు పెరిగింది. 2024లో మరో 163 చికిత్సలు చేర్చారు. 70 ఏళ్లు నిండితే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కింద 5 లక్షలు. కేంద్రం దీన్ని 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు అది గానీ ఇది గానీ ఎంచుకోవాలి. ప్రైవేటు పాలసీ ఉన్నా మాత్రం ఈ కార్డుకు అడ్డు లేదు. ఫ్యాక్టరీలో ఈఎస్‌ఐ కట్టి రిటైరైనవాళ్లు కనీసం అయిదేళ్లు ఆ బీమాలో ఉండి ఉంటే, ఏడాదికి 120 రూపాయలు కట్టి తమకూ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగించుకోవచ్చు. నెలకు 10 రూపాయల వైద్యం ఇది. తెలియక వదులుకోవద్దు.

ఈ కార్డుల మీద ఉన్న అంకె కంటే ఆ కార్డు ఏ గేటు దగ్గర ఆగిపోతుందన్నది ముఖ్యం. 10 లక్షల ఆరోగ్యశ్రీ కార్డు కూడా జాబితాలో లేని ఆసుపత్రిలో, ప్యాకేజీలో లేని చికిత్సకు సున్నాతో సమానం. జాబితాలో ఉన్న ఆసుపత్రి కూడా ఎప్పుడూ తలుపు తీసి ఉంచుతుందని లేదు. 2025 సెప్టెంబరులో ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం ఆరోగ్యశ్రీ, ఉద్యోగుల హెల్త్ కార్డు సేవలు ఆపేసింది. చర్చల తర్వాతే మళ్లీ మొదలయ్యాయి. మోకాలి ఆపరేషన్ అయితే పది రోజులు ఆగొచ్చు. పక్షవాతం ఆగదు.

చేవెళ్ల, మొయినాబాద్ రెండూ 163వ జాతీయ రహదారి మీదే ఉన్నాయి. మొయినాబాద్ మండలంలో భాస్కర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. వాటిని దాటితే సిటీయే. చేవెళ్ల నుంచి మెహిదీపట్నం దాదాపు 40 కిలోమీటర్లు. పాలసీ కొనేముందు ఒక రోజు ఈ దారిలోనే తిరగండి. మీరు నిజంగా వెళ్లే మూడు ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర (ఆరోగ్యశ్రీ సహాయకుల) డెస్క్ దగ్గరో, బిల్లింగ్ దగ్గరో కార్డు చూపించి అడగండి: గుండె, మెదడు, కిడ్నీ, క్యాన్సర్, ఎముకలు – ఈ అయిదింటిలో ఏవేవి ఈ కార్డు మీద చేస్తారు? మూడు ఆసుపత్రులు, అయిదు జబ్బులు, పదిహేను గడులు. అవును అన్నవి పన్నెండు ఉంటే పెద్ద పాలసీ అక్కర్లేదు. నాలుగే ఉంటే కార్డును లెక్కలోకి తీసుకోకుండా పాలసీ చూసుకోవాలి. ఏజెంటు చూపించే రంగుల కాగితం కంటే ఈ పదిహేను గడుల కాగితాన్నే నేను నమ్ముతాను.

ఇక టాప్‌అప్‌కూ సూపర్ టాప్‌అప్‌కూ తేడా. ఒక ఏడాదిలో మూడుసార్లు ఆసుపత్రిలో చేరారనుకోండి. బిల్లులు 2,20,000, 1,80,000, 2,50,000. మొత్తం 6,50,000. డిడక్టబుల్ 3 లక్షలు. మామూలు టాప్‌అప్ ఏ బిల్లుకా బిల్లు చూస్తుంది. ఒక్కటీ 3 లక్షలు దాటలేదు కాబట్టి రూపాయి రాదు. సూపర్ టాప్‌అప్ ఏడాది మొత్తం కూడుతుంది, 3 లక్షలు పోను 3,50,000 ఇస్తుంది. వయసు మీదపడ్డాక ఒక్క పెద్ద బిల్లు కంటే వరస చిన్న బిల్లులే ఎక్కువగా వస్తాయి. డయాలసిస్, కీమో చేయించుకునేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కొనేది సూపర్ టాప్‌అప్ అయి ఉండాలి, కాగితం మీద ఆ మాట కనిపించాలి.

పాలసీ కాగితంలో చాలామంది చదవకుండా దాటేసేది రూమ్ రెంట్ గడి. 5 లక్షల బేస్ పాలసీ, రూమ్ రెంట్ పరిమితి ఒక శాతం, అంటే రోజుకు 5,000. మీరు 8,000 గదిలో 8 రోజులున్నారు. బిల్లు 4 లక్షలు. అందులో గది అద్దె 64,000. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు 1,60,000. డాక్టర్లు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ వగైరా 1,76,000. గది అద్దెలో కోత పోను 40,000 వస్తుందని మీకూ తెలుసు. తెలియనిది తర్వాతి వరస. 8,000కి 5,000 ఎంతో, డాక్టర్ల ఖర్చు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. 1,76,000 బదులు 1,10,000 వస్తుంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదని నిబంధన ఉంది కాబట్టి ఆ 1,60,000 పూర్తిగా వస్తుంది. మొత్తం 3,10,000. ఇది చాలదన్నట్టు పెద్దవాళ్ల పాలసీల్లో 20 శాతం కో-పే (క్లెయిమ్‌లో మనం భరించాల్సిన వాటా) ఉంటే ఇంకో 62,000 పోతుంది. చేతికి వచ్చేది 2,48,000. ఇంటి నుంచి కట్టేది 1,52,000. గదికి రోజుకు 3,000 ఎక్కువ పెట్టినందుకూ, ఒక కో-పే వాక్యం చదవనందుకూ పడిన దెబ్బ ఇది. ప్రీమియం నాలుగైదు వేలు ఎక్కువైనా రూమ్ రెంట్ పరిమితి లేని పాలసీ, కో-పే లేని పాలసీ వెతకండి. కో-పే తప్పదంటే 10 శాతం దాటకుండా చూడండి.

వయసు విషయంలో రూల్స్ ఇప్పుడు కొంత మేలు. 2024 ఏప్రిల్ నుంచి 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వం అనే గీత లేదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 48 నెలలుండే వెయిటింగ్ (రక్షణ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం) 36 నెలలకు తగ్గింది. అయిదేళ్లు ఆపకుండా కట్టాక, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. అలాగని బీపీ, షుగర్ దాచిపెట్టొద్దు. “అవి రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది” అని ఎవరైనా అంటే ఆ పాలసీ అక్కడే వదిలేయండి. రేపు క్లెయిమ్ తిరస్కరించేటప్పుడు ఆ మనిషి మీ పక్కన ఉండడు.

ఈ 36 నెలల లెక్కే కొనే సమయాన్ని నిర్ణయిస్తుంది. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులు 61కి రిటైరవుతారు. 58లో కొంటే రిటైరయ్యే రోజుకి వెయిటింగ్ అయిపోతుంది, ఆ మూడేళ్లూ సర్కారు కార్డు కాపు కాస్తుంది. ఇప్పటికే 74 ఏళ్లుండి, షుగరూ గుండె జబ్బూ ఉండి, ఏడాదికి 55,000 ప్రీమియం అడుగుతున్నారనుకోండి. అసలు భయపడుతున్న ఆ జబ్బులకు రక్షణ మొదలయ్యేలోపు కట్టేది 1,65,000. అలాంటివాళ్లకు నా సలహా సూటిగా ఇదే: పదిహేను గడుల్లో ఎక్కువ అవును అని ఉంటే పాలసీ కొనొద్దు. ఆ డబ్బు ఏటా భార్యాభర్తలిద్దరి పేర్ల మీద డిపాజిట్ చేయండి. ఇది అందరు ఏజెంట్లకూ నచ్చే సలహా కాదు.

భార్యాభర్తల వయసుల మధ్య ఏడెనిమిదేళ్ల తేడా ఉంటే ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇద్దరికీ కలిపి ఒకే పాలసీ) ధరనూ, విడివిడి పాలసీల ధరనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్లోటర్‌లో ధర పెద్దవాళ్ల వయసును బట్టి కడతారు. 58 ఏళ్ల ఇల్లాలికి 66 ఏళ్ల ధర ఎందుకు కట్టాలి?

బీపీ, షుగర్ మాత్రల ఖర్చు నెలకు 2,500 అయితే ఏడాదికి 30,000. ఆసుపత్రిలో చేరితేనే ఇచ్చే పాలసీలు దీనికి సాధారణంగా పైసా ఇవ్వవు. రాష్ట్ర పింఛనుదారులకు ఖైరతాబాద్ లాంటి వెల్‌నెస్ సెంటర్లలో డాక్టరూ మందులూ ఉచితం. నెలకోసారి బస్సెక్కి వెళ్లి మందులు తెచ్చుకుంటే ఒక పాలసీ ప్రీమియంలో మంచి భాగం మిగులుతుంది.

సీజీహెచ్‌ఎస్ వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. నెలకు 250 నుంచి 1,000 రూపాయల చందా, లేదా పింఛనుదారులైతే పదేళ్లది ఒకేసారి (30,000 నుంచి 1,20,000 వరకు) కట్టి జీవితాంతం కార్డు. పైన ప్రైవేటు పాలసీ కూడా ఉంటే ఒకే బిల్లును రెండు చోట్లా పెట్టొచ్చు: అసలు బిల్లులు ముందు బీమా కంపెనీకి, తర్వాత కంపెనీ ధ్రువీకరించిన నకళ్లు సీజీహెచ్‌ఎస్‌కు. రెండూ కలిసి అయిన ఖర్చు దాటకూడదు. సీజీహెచ్‌ఎస్ తన రేటు మేరకే ఇస్తుంది. కార్డూ పాలసీ ఒకే బిల్లు మీద నిజంగా కలిసే సందర్భం ఇదే, కాబట్టి వీళ్లు డిడక్టబుల్ కొంచెం ఎక్కువ పెట్టుకున్నా నష్టం లేదు. కాకపోతే ఆ డబ్బు తర్వాత వస్తుంది, ముందు చేతి నుంచి కట్టాలి.

ధరల సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ పోయింది. 40,000 ప్రీమియం మీద 7,200 మిగులు. పాత కొటేషన్ చూపిస్తే ఆ జీఎస్టీ వరస కొట్టేయించండి. 60 దాటినవాళ్ల ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. ఏటా 10 శాతం పెరిగినా 40,000 ప్రీమియం అయిదేళ్లకు 64,000 దాటుతుంది. పింఛను అంత వేగంగా పెరగదు. అందుకే మొదటి ఏడాది కట్టగలిగినంతలో నాలుగింట మూడొంతులకే పాలసీ చూసుకోవాలి. పాత పన్ను విధానంలో ఉన్న 60 దాటినవాళ్లకు ఆరోగ్య బీమా ప్రీమియం మీద 50,000 వరకు మినహాయింపు ఉంది. కొత్త విధానంలో లేదు.

పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కిచ్చే హక్కు ఉంది. ఆ నెలలో రూమ్ రెంట్, కో-పే, డిడక్టబుల్, వెయిటింగ్ అనే నాలుగు గడులూ పెన్నుతో గీసి చదవండి. ఆసుపత్రిలో క్యాష్‌లెస్ అడిగితే గంటలో జవాబు రావాలి, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో రావాలి. అంతకు మించితే ఆ ఆలస్యానికి ఆసుపత్రి వేసే అదనపు ఖర్చు కంపెనీదే. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో న్యాయం జరక్కపోతే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. తిరస్కరణ లేఖ, పాలసీ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు పట్టుకెళ్తే చాలు.