బొంతకుట్టు – తొలి జంకు



నేటి ప్రసంగమునకు బొంతకుట్టును విషయముగా గైకొనుట కొందఱికి వింతగా తోపవచ్చును. కావ్యములను గూర్చియో వ్యాకరణమును గూర్చియో మాటలాడదగిన పంతులునకు సూదిదారములతో నేమి పని యని యడుగవచ్చును. నేను ముప్పది యేండ్లకు పైగా పసివారిచేత అక్షరములు దిద్దించినవాడను. తొలి యక్షరము దిద్దు చేతికిని, తొలి కుట్టు వేయు చేతికిని పుట్టెడి వణకు ఒక్కటియే. ఆ వణకు ఎచటనుండి వచ్చును? ఎట్లు పోవును? ఇంటి పెద్దలు దానికేమి చేయగలరు? ఈ మూడు సంగతులను బొంత నాధారముగా జేసికొని విన్నవింపదలచితిని.

బొంత యన నేమో మీకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. కట్టి కట్టి మెత్తబడిన నూలుచీరలను, పంచెలను పొరలు పొరలుగా పఱచి, చుట్టును నడుమను కుట్టి, చలికి కప్పుకొనుటకును నేలపై పఱచుకొనుటకును చేసికొనునది. సంస్కృతమున దీనిని కంథ యందురు. వంగదేశమున నేటికిని కాంథా యనియే పిలుచుచున్నారు. మహారాష్ట్రమున గోధడి యనియు, కన్నడదేశమున కౌది యనియు పేరు. అతుకులబట్ట యని దీనిని చులకన చేయరాదు. బౌద్ధుల వినయపిటకమున నొక కథ కలదు. బుద్ధుడు మగధదేశమున గట్లతో గళ్లు గళ్లుగా నున్న వరిమళ్లను జూచి, భిక్షువుల చీవరములను ఆ తీరున కుట్టగలవా యని ఆనందుని అడిగెనట. ఆనందుడు ముక్కలు కోసి అతికి కుట్టి చూపెను. భిక్షువుల వస్త్రమునకు అదియే మాదిరి యయ్యెను. కుట్టగలవా యని గురువు అడిగిన తీరులో ఎగతాళి లేదు; నమ్మిక కలదు. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. మరల దీనితో పనిపడును.

నేడు అంగడిలో యంత్రములపై నేసిన దుప్పట్లు చౌకగా దొరకుచున్నవి. బొంత కుట్టు చేతులు తగ్గుటకు అది యొక కారణమే. కాని దానికంటె లోతైన కారణ మొకటి కలదు. కుట్టవలయునను కోరిక గలవారు నేటికిని కలరు. క్రొత్తకోడండ్రు కలరు, బిడ్డలు పెద్దవారై తీరిక చిక్కిన తల్లులు కలరు, ఉద్యోగము విరమించి ప్రొద్దు గడవని మగవారును కలరు. వారు సూది చేపట్టుదురు, పది కుట్లు వేయుదురు, వంకరను జూచి బట్టను మడిచి పెట్టెలో పెట్టుదురు. మా అమ్మమ్మ కుట్టినట్లు నాకెన్నటికి వచ్చునని నిట్టూర్తురు. అమ్మమ్మ పోవును. ఆమె చీరలు పెట్టెలోనే జీర్ణించును. ఆమె చేతి తీరు తెలిసినవారు ఆ యింట లేకపోవుదురు. జంకువలన నష్టమగునది ఒక దుప్పటి మాత్రమే కాదు. తల్లినుండి బిడ్డకు రావలసిన యొక విద్య.

ఈ జంకునకు మూలము పోలిక. క్రొత్తవారు తమ తొలి వరుసను, నలువది యేండ్లు కుట్టిన చేతి వరుసతో పోల్చుకొందురు. అమ్మమ్మ కుట్టిన తొలి బొంతను ఇప్పుడు చూచినవారు లేరు. అది యెన్నడో చినిగి మసిగుడ్డ యైపోయినది. మిగిలి కనబడునవి ఆమె చేయి తిరిగిన పిదప కుట్టినవి. మొలకను మ్రానితో పోల్చి మొలక కుఱుచ యనుట న్యాయమగునా?

ఇంకొక సంగతి కలదు. చేతికంటె కన్ను ముందు నేర్చును. బడిలో దీనిని నిత్యము చూచితిని. అక్షరములు దిద్దనారంభించిన తొలిదినములలో బాలునకు తన 'క' వంకర యని తోపదు, సంతోషముగ దిద్దును. ఒజ్జబంతిని చూచి చూచి కొన్నాళ్లకు కన్ను పదునెక్కును. చేయి మాత్రము వెనుకబడి యుండును. అప్పుడే వాడు పలక తుడిచివేసి యేడ్చును. తెలియనివారు పిల్లవాడు మొద్దుబాఱినాడనుకొందురు. నిజమునకు వాడప్పుడే నేర్చుచున్నాడు. బొంత విషయమును నట్టిదే. తన కుట్టు తనకు నచ్చకుండుట చేతకానితనమునకు గుఱుతు కాదు. కన్ను ముందు నడచుచున్నదనుటకు గుఱుతు. చేయి దానిని కలిసికొనువఱకు ఓపిక పట్టవలయును.

ఓపిక పట్టుమనుట సులభము. పట్టు మార్గమును చెప్పవలయును గదా! ధైర్యము వచ్చిన పిదప పని మొదలిడుద మనుకొనువారికి ధైర్యము రానేరాదు. ఒక పని ముగిసిన పిదపనే అది వచ్చును. కావున తొలి పని చిన్నదిగా నుండవలయును. మంచమంత బొంతకు పూనుకొన్నవారు నడుమనే విసుగుదురు. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గల యాసనము చాలును. కొలది దినములలో ముగియును; పీటపై వేసికొనవచ్చును. ఆపైన ఉయ్యాలలోని శిశువునకు రెండు మూరల పొడవు గల చిన్నబొంత. అది ముగిసిన పిదప పెద్దబొంతకు చేయి సాపవచ్చును.

బట్ట విషయమున జాగ్రత్త వలయును. పలుమాఱులు ఉదికిన నూలుబట్టనే తీసికొనవలయును. అది సూదికి లోబడును. క్రొత్తబట్టవలె ఉదికిన పిదప కుదించుకొనదు. పట్టుబట్టలు జాఱును; తొలి చేతికి తగవు. బట్టను వెలుతురునకు పట్టి చూచిన పలుచబడిన చోట్లు తెలియును. వానిని కోసివేయుటయో, పైన మాసిక వేయుటయో చేయవలయును. మొదట మూడు పొరలు చాలును. పొరలు హెచ్చిన కొలది సూది దిగదు, చేయి నొచ్చును, మనసు విఱుగును.

చదునైన నేలపై అడుగుపొరను పఱచి, మూలలందు బరువు లుంచి, నడుమనుండి అంచులకు అరచేతితో ముడుతలు త్రోయవలయును. తక్కిన పొరలను అట్లే పఱచి, బెత్తెడు బెత్తెడు దూరమున టాకాలనెడి పెద్ద విడికుట్లు వేయవలయును. పొరలు కదలకుండ పట్టునవి ఇవియే. పని ముగిసిన పిదప వీనిని తీసివేయుదురు. క్రొత్తవారి బొంత ముడుతలు పడుటకు తఱచుగా టాకాలు వేయకుండుటయే కారణము గాని, చేతి చేవలేమి కాదు. దారము మూరన్నరకు మించరాదు. పొడవు దారము చిక్కుపడి, తప్పు తనదే యని కుట్టువారిని భ్రమింపజేయును. తిన్ననైన వరుస కావలయునన్నచో దారమునకు సుద్ద రాచి, రెండు కొసలను బట్టపై బిగించి పట్టి, నడుమ మీటిన గీత పడును. వడ్రంగులు కొయ్యపై గీత కొట్టు విధ మదియే. గీతకు గీతకు రెండు వ్రేళ్ల యెడమున్న చాలును.

ఇక కుట్టు. సూది పైకి క్రిందికి పోవు సామాన్యపు కుట్టే బొంతకు చాలును. మూడు నాలుగు కుట్లు సూదిపై నెక్కించుకొని ఒక్కమాఱు లాగిన వరుస తిన్నగా వచ్చును. మిక్కిలి బిగించి లాగిన బట్ట ముడుచుకొనును. కుట్టు చిన్నదగుట ముఖ్యము కాదు. ఒకదానికొకటి సమముగా నుండుట ముఖ్యము. సన్నదనము ఏండ్లమీద దానంతటనే వచ్చును.

తప్పు పడినపుడు విప్పవలయునా, విడువవలయునా? క్రొత్తవారిని మిక్కిలి వేధించు ప్రశ్న ఇదియే. దీనికి తెలిసిన జవాబు కలదు. అడుగుపొర నందుకొనని కుట్టు, లోపల మడత చిక్కిన కుట్టు, కాలివ్రేలికి తగులుకొనునంత వదులైన కుట్టు – ఈ మూడింటిని విప్పి తీరవలయును. ఇవి బొంత మన్నికను చెఱుచును. వరుస గోరంత వంగెనా, ఒక కుట్టు నువ్వుగింజంత, వేఱొకటి బియ్యపుగింజంత వచ్చెనా, విడిచిపెట్టవలయును. ఉదికిన పిదప వరుసకు వరుసకు నడుమ బట్ట ఉబ్బి సన్నని అలలు తేఱి, ఆ చిన్న వంకరలను తనలో కలుపుకొనును. ప్రతి వంకరను విప్పుచు కూర్చున్నచో సూదిపోట్లకు బట్ట చివుకును, పని సాగదు. వంకరను సహించుట సోమరితనము కాదు. ఏ తప్పు బొంతను చెఱుచును, ఏ తప్పు చూపును మాత్రమే నొప్పించును అను వివేకము చిక్కిననాడు జంకు సగము పోవును.

వంకరవరుస తలవంపు కాదనుటకు దూరదేశపు నిదర్శన మొకటి చెప్పుదును. అమెరికాలోని అలబామా రాష్ట్రమున, అదే పేరు గల నది వంపు తిరిగినచోట గీస్ బెండ్ అను పల్లె కలదు. ప్రత్తితోటలలో బానిసలుగా పాటుపడిన ఆఫ్రికావారి సంతతి అచట నివసించిరి. ఆ యిల్లాండ్రు చినిగిన పొలపు బట్టలను కోసి అతికి, తమవారి చలి తీర్చుటకై బొంతలు కుట్టిరి. వారి వరుసలు కొలబద్ద పెట్టినట్లుండవు. గళ్లు ఒకదానివైపొకటి ఒఱగియుండును. 2002లో హ్యూస్టన్ నగరపు లలితకళా ప్రదర్శనశాల ఆ బొంతలను గోడలపై వ్రేలాడదీసి లోకమునకు చూపెను. 2006లో అమెరికా తపాలాశాఖవారు వాని బొమ్మలతో బిళ్లలు వెలువరించిరి.

మన పొరుగుననే వేఱొక నిదర్శనము కలదు. కర్ణాటకమున ఉత్తరకన్నడ ప్రాంతమున సిద్దీలను వారు కలరు. వీరి పూర్వులును ఆఫ్రికానుండి వచ్చినవారే. వీరి స్త్రీలు కుట్టు బొంతకు కవంది యని పేరు. మనము నడుమనుండి అంచులకు ముడుతలు త్రోయుదుము. వారు అంచున మొదలిడి చుట్లు చుట్లుగా కుట్టుచు నడుమకు వత్తురు. మూలలందు మడిచిన ముక్కలను పూవులని పేరిడి కుట్టుదురు. మార్గములు వేఱు, వెచ్చదనము ఒక్కటియే. అత్తగారు చెప్పినట్లు గాక వేఱొక తీరున కుట్టితినను భయము కోడలికి అక్కఱలేదు.

మా వీధిలోని యొక యిల్లాలి సంగతి ఇచట చెప్పదగియున్నది. ఆమె తల్లి తన చీరలతోనే బొంత మొదలిడి, సగము కుట్టి కన్నుమూసెను. ఆ బట్ట ఆఱేండ్లు పెట్టెలో నుండెను. అమ్మ చీర చినిగిన మరల రాదు గదా యని కూతురు సూది పెట్టుటకు వెఱచెను. ఒక ముదుసలి పొరుగామె ఆమెచేత మొదట పాత పంచెతో నొక యాసనము కుట్టించెను. పిమ్మట మనుమనికి చిన్నబొంత కుట్టించెను. అటుపిమ్మటనే పెట్టె తెఱపించెను. ఆ కూతురు రెండు నెలలలో తల్లి బొంతను ముగించెను. తల్లి కుట్లు సన్నవి, కూతురి కుట్లు పెద్దవి; ఎచట తల్లి చేయి ఆగెనో చూచినంతనే తెలియును. ఆమె దానిని దాచలేదు. చలికాలమున దానినే కప్పుకొనుచున్నది.

ఆ బొంతను జూచినపుడు నాకు మన భారతము తలపునకు వచ్చెను. పదునొకండవ శతాబ్దిలో నన్నయభట్టారకుడు అరణ్యపర్వమును నడుమనే విడిచెను. తిక్కన సోమయాజి పదుమూడవ శతాబ్దిలో విరాటపర్వమునుండి ముగించెను. నడుమ మిగిలిన కొఱతను పదునాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించెను. నన్నయ సరసన తన పద్యము నిలుపుట సామాన్యమైన సాహసమా? జంకి మానుకొన్నచో నేటికిని మన భారతమునకు నడుమ చిల్లియే యుండెడిది గదా! ఎఱ్ఱన మహాకవి కావున అతుకు కానరాకుండ కుట్టెను. మన యింటి బొంతలో అతుకు కనబడిన నేమి? చిల్లి లేకుండుటయే మేలు.

చివరకు పెద్దలకొక మాట. క్రొత్తచేతిని నిలుపునదియు పడగొట్టునదియు పెద్దల నోరే. నలుగురిలో కుట్టు నెత్తిచూపి నవ్వుట మనకు వేడుక కావచ్చును; పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము. ఇటు తెమ్మని సూదిని లాగికొని తామే కుట్టి చూపుటయు మేలు కాదు. ఆ పని వేఱొక గుడ్డపై చేసి చూపవలయును. ఒక కూర్చుండుటలో ఒక తప్పునే దిద్దవలయును. ఊరక పొగడుటయు పనికిరాదు. కుట్టినవారి కన్ను ఆ పొగడ్తను నమ్మదు. ఈ వరుస నిన్నటిదానికంటె సమముగా నున్నదని ఉన్నమాట చెప్పిన చాలును. అన్నిటికంటె మేలైనది, వారు కుట్టినదానిని వాడుకొనుట. తాతగారు తన యాసనముపై కూర్చుండి భోజనము చేయుట చూచిన కోడలు మఱునాడు సూది పట్టక మానదు.

మొక్కై వంగనిది మానై వంగునా యని కొందఱు పెద్దవయసువారి పూనికను తుంచివేయుదురు. ఆ సామెత నడవడికి చెప్పినది; చేతిపనికి కాదు. అరువదేండ్లు దాటినవారు కుట్టు నేర్చుటను నేను కన్నులార చూచితిని. వెలుతురు చాలినంత కావలయును, సూది బెజ్జము కొంచెము పెద్దది కావలయును, అంతియే.

కిష్కింధాకాండ కథ మీకు తెలిసినదే. సముద్రతీరమున వానరులందఱు తామెంతదూరము దుముకగలరో లెక్కించుకొనుచుండగా హనుమంతుడు ఒకమూల మిన్నకుండెను. జాంబవంతుడు ముదుసలి, తాను దుముకలేడు. ఐనను ఎవనితో ఏ మాట చెప్పవలయునో ఆతనికి తెలియును. ఆనందుని అడిగిన గురువు మాటలోని నమ్మికయే జాంబవంతుని మాటలోను కలదు. మన యిండ్లలో సూది చేతబట్టి మిన్నకున్నవారితో అట్టి మాట నొకదానిని పలుకుడని ప్రార్థించి, ఇంతటితో విరమించుచున్నాను.