పాతపట్టణములలో క్రొత్త వస్తుప్రదర్శనశాలలు



పాతపట్టణము నడుమ క్రొత్తకట్టడము లేచుట నిండుసభలోనికి పరదేశి వచ్చుటవంటిది. వాని వేషభాషలను సభవారందఱు పరికింతురు. ఆ కట్టడము వస్తుప్రదర్శనశాలయైనచో నీ పరీక్ష మఱింత కఠినము. పూర్వుల వస్తువులను దాచుటకై కట్టిన యిల్లు పూర్వుల యిండ్లను వెక్కిరించునట్లుండరాదు గదా! అట్లని పాతగోపురములకు సిమెంటుతో నకళ్లు పోసిన నది బొమ్మలకొలువగును. పారిసు నగరమున 1977లో తెరచిన పాంపిడూ భవనమునకు నీటిగొట్టములు, గాలిగొట్టములు, కదలుమెట్లు సైతము వెలుపలనే యమర్చిరి. దానిని మెచ్చువారును గలరు, ఏవగించుకొనువారును గలరు.

ఈ రెంటికి నడుమ త్రోవ వెదకినవారిలో నొకడు మన సికిందరాబాదున జన్మించెనని మనలో ననేకులెఱుగరు. ఆయన చార్లెస్ కొరియా. 1930 సెప్టెంబరు 1వ తేదీని పుట్టి, అమెరికాలో వాస్తువిద్య నభ్యసించి, 1958లో బొంబాయియందు స్వంతకార్యాలయము నెలకొల్పెను. 2015 జూన్ 16వ తేదీని గతించెను.

ఆయనకు మొదట కీర్తి దెచ్చినది అహమ్మదాబాదు సబర్మతీ ఆశ్రమములోని గాంధీ స్మారక సంగ్రహాలయము. 1963లో నెహ్రూగారు దానిని ప్రారంభించిరి. ఆఱేసి మీటర్ల చదరపు గదులు, ఇటుకస్తంభములు, పెంకులకప్పు, రాతినేల, నడుమ నీటికొలను. కిటికీలకు అద్దములు లేవు, కొయ్యపలకలే. కొన్నిగదులకు గోడలున్నవి, కొన్నింటికి లేవు. కొలత యొక్కటే గనుక, అవసరమైనపుడు ప్రక్కన మఱియొక గది చేర్చవచ్చును. మనము వసారా పొడిగించుకొన్నట్లే.

భోపాలు నగరమున పెద్దచెరువు గట్టున 1982లో తెరచిన భారత్ భవనమునందు ఆయన చూపిన సాహసము ఎత్తుగా కట్టుట గాదు, కనబడకుండ కట్టుట. వాలునేలను మెట్లుమెట్లుగా దిగవిడిచి, పల్లమున ముంగిళ్లు తీర్చి, వానిచుట్టును శాలలు పొదిగెను. వీధినుండి చూచువానికి తోటలును, ఆవల నీరును దక్క నంతగా నేమియు గోచరింపదు. అందలి ప్రదర్శనశాలలో ఆదివాసుల చిత్రములకును నగరచిత్రకారుల పటములకును సమానగౌరవ మొసగిరి.

ఇక జయపురము. ఆ నగరమును 1727లో సవాయి జయసింహుడు నిర్మింపజేసెను. విద్యాధర భట్టాచార్యుడను వంగపండితుడు ఆయనకు తోడ్పడెను. నగరము తొమ్మిదిగళ్ల మండలము. కొండ యడ్డువచ్చుటచే నొకగడిని తొలగించి వేఱొకప్రక్కను జేర్చిరి. కొరియా 1986లో జవహర్ కళాకేంద్రమునకు రూపకల్పన చేయునపుడు దీనినే గైకొనెను. ముప్పదేసి మీటర్ల గళ్లు తొమ్మిది. ఎనిమిది మీటర్ల యెత్తుగోడలకు ఎఱ్ఱరాతి తొడుగు. ఒకమూల గడిని కొంచెము ప్రక్కకు జరపి, ఆ సందునే వాకిలి చేసెను. ఒక్కొక్కగడి యొక్కొక్క గ్రహమునకు చెందును. గురుని యింట గ్రంథాలయము, శుక్రుని యింట నాటకశాల, చంద్రుని యింట ఫలహారశాల. చంద్రు డోషధీశుడు గనుక నన్నము నాయన పాలుచేయుట ముచ్చటగనే యున్నది.

శాస్త్రము చదివిన నాకిచట నొక యాక్షేపణము గలదు. గోడమీద గ్రహచిహ్నము పొదిగినంతమాత్రమున నది గ్రహమండలము గానేరదు. శాస్త్రమున మండలమనగా దిక్కులకు, కొలతలకు నిర్ణయము. కొరియా అందలి యాకృతిని మాత్రము గైకొని, విధులను పెక్కింటిని విడిచెను. ఐనను నడిగడియగు సూర్యస్థానమును కప్పులేక విడిచి, చుట్టును కోనేటిమెట్లవలె సోపానములు గట్టించెను. బ్రహ్మస్థానమున భారము మోపరాదన్న పెద్దలమాట యచ్చట నెఱవేరినది. జనులు ఆ మెట్లపై గూర్చుండి ప్రదర్శనములు చూతురు.

ఆకాశమునకు తెరచిన యీ నడిచోటే ఆయన కట్టడములన్నిటికి ప్రాణము. ఇది మనకు క్రొత్తగాదు. తెలంగాణమున భవంతి యిల్లనియు, సర్కారు జిల్లాలలో మండువా యిల్లనియు మనమనుచున్నది యిదియే. రాత్రి చల్లనిగాలి బరువెక్కి ముంగిట దిగి నిలుచును. పగలు వేడిగాలి తేలికపడి పైకెగయును. గోడల నీడ నేలను కాపాడును. అందుచేతనే వేసవి మధ్యాహ్నమున మన తాతలు వసారాలో సుఖముగా నిద్రించిరి.

నేను ఉప్పలువాసిని. ఉప్పలును నాచారమును నేడు మహానగరములో గలిసిపోయినవి. నాచారమున కర్మాగారములు, ఉప్పలున 2017నుండి మెట్రోబండ్లు. వీనిని నేను నిందింపను. వీనివలన ననేకులకు జీవనము గలిగినది. కాని మావీధులలో భవంతియిండ్లు నానాటికి తఱుగుచున్నవి. వాని స్థానమున పడమటిగోడకు నిలువెల్ల అద్దములు బిగించిన మేడలు లేచుచున్నవి. ఎండను లోనికి బిలిచి, దానిని వెడలగొట్టుటకు యంత్రములకు విద్యుత్తు పోయుచున్నాము!

విచిత్రమేమన, వేఱుమార్గము మా పొరుగుననే యున్నది. నాచారమునుండి మల్లాపురము మీదుగా నుత్తరముగా బోయిన ఈ.సి.ఐ.ఎల్. అను ప్రభుత్వ ఎలక్ట్రానిక్సు సంస్థ వచ్చును. దాని కార్యాలయభవనమునకు 1965–68 సంవత్సరముల నడుమ రూపమిచ్చినది ఈ కొరియాయే. అది వస్తుప్రదర్శనశాల గాదు. గుమాస్తాలు కూర్చుండి పనిచేయు చోటు. ఐనను అందును నీడకు, గాలికి ముందుగా తావిచ్చి, పిదప గదుల నమర్చెను. మీ గ్రామమున పంచాయతీ భవనమో, గ్రంథాలయమో కట్టదలచినచో, పటము చేతికి దెచ్చిన ఇంజనీరును రెండుప్రశ్నలడుగుడు: వైశాఖమాసమున మూడవజాము యెండ యేగోడను తాకును? లోని వేడిగాలి యేదారిని వెడలును?