ఇంటికి వెళ్ళాక ఏమి వండాలి?

రోగుల కుటుంబ సభ్యులకు కొన్ని మాటలు



డిశ్చార్జి చీటీ తీసుకునేటప్పుడు చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంటికెళ్ళాక ఏం పెట్టమంటారు?" మాత్రల పేర్లు, వేసుకోవలసిన వేళలు చీటీలో రాసి ఉంటాయి. కాని రోజూ మూడు పూటలా కంచంలో ఏమి పడుతుందో నిర్ణయించేది డాక్టరుగారు కాదు, నర్సమ్మ కాదు, మీరే. అందుకే ఈ నాలుగు మాటలు మీకోసం రాస్తున్నాము. చదవడం రానివారు మీ ఇంట్లో ఉంటే దయచేసి చదివి వినిపించండి.

రోగికి వేరే వంట వద్దు

షుగరు, బి.పి. ఉన్న మనిషికి చప్పిడి కూర విడిగా వండి, మిగిలినవారు ఎప్పటిలాగే వేపుళ్ళు, ఊరగాయలు తినడం మన ఇళ్ళలో అలవాటు. ఇది ఎక్కువ రోజులు సాగదు. అందరూ ఆవకాయ కలుపుకుంటుంటే ఆయన ఒక్కడే చూస్తూ కూర్చోలేడు. పది రోజులు ఓర్చుకుని పదకొండో రోజు చేయి చాపుతాడు.

ఇంకొక కారణం కూడా ఉంది. ఈ జబ్బులు ఒకే కుటుంబంలో ఎక్కువమందికి వచ్చే అవకాశం ఉంది. తండ్రికి షుగరు ఉంటే కొడుకు, కూతురు ఇప్పటినుండే జాగ్రత్తపడాలి. కాబట్టి ఉప్పు, నూనె, తీపి తగ్గించిన వంట ఇంటిల్లిపాదికీ మంచిదే.

మన పెద్దలు తిన్న తిండి

తెలంగాణలో జొన్న రొట్టె, గటక. రాయలసీమలో రాగి సంకటి, కొర్రన్నం. ఉత్తరాంధ్రలో చోడి అంబలి. రెండు మూడు తరాల క్రితం మెట్ట ప్రాంతాల్లో పేదవారి భోజనం ఇదే. వరి అన్నం పండుగనాడే. కాలువలు, బోర్లు పెరిగి వరిసాగు పెరిగింది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. దానివల్ల ఎన్నో ఇళ్ళలో ఆకలి తీరింది, ఆ మేలు మరువరాదు. అయితే దాంతోపాటు జొన్న, రాగి "పేదల తిండి" అనే చిన్నచూపుకు గురై కంచంనుండి తప్పుకున్నాయి.

వాటిలో ఏముందో చూడండి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే బరువు పాలిష్ బియ్యంలో అది 10 మిల్లీగ్రాములకు మించదు. జొన్నల్లో పీచు పదార్థం బియ్యంలోకన్నా మూడింతలు ఎక్కువ. పీచు ఉన్న తిండి నిదానంగా అరుగుతుంది, త్వరగా ఆకలి వేయదు, మలబద్ధకం తగ్గుతుంది.

నేలకు కూడా ఇవి మేలు చేస్తాయి. కిలో బియ్యం పండాలంటే వేల లీటర్ల నీరు కావాలి. జొన్న, కొర్ర వానమీదే పండుతాయి. జహీరాబాదు ప్రాంతంలో పేద మహిళా సంఘాలవారు ఈ విత్తనాలను పోగొట్టకుండా దాచి, పంచుకుని, ఎర్ర నేలల్లో పండిస్తూ వచ్చారు. వారితో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది.

మొదలు పెట్టేవారు ఒక్కసారిగా మార్చకండి. వారానికి రెండు మూడు పూటలతో ప్రారంభించండి. కొర్రలు, సామలు వండేముందు కొన్ని గంటలు నానబెట్టండి. నీళ్ళు బాగా తాగండి.

తప్పక గుర్తుంచుకోవలసిన హెచ్చరిక

"కొర్రలు తింటే షుగరు పోతుంది, మాత్రలు అక్కరలేదు" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. చిరుధాన్యాలు మంచి ఆహారమే గాని మందు కాదు. వాటిలో కూడా పిండి పదార్థం ఉంది. ఎక్కువ తింటే వాటితోనూ షుగరు పెరుగుతుంది. డాక్టరుగారు చెప్పకుండా ఇన్సులిన్ గాని, మాత్రలు గాని ఆపితే ప్రాణానికే ముప్పు రావచ్చు. అలాగే మాత్ర వేసుకుని, ఇన్సులిన్ తీసుకుని భోజనం మానేయడం కూడా ప్రమాదమే. షుగరు ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు వచ్చి మనిషి స్పృహ తప్పవచ్చు.

ఈ క్రిందివారు ఆహారం మార్చేముందు తప్పనిసరిగా డాక్టరుగారిని అడగాలి:

1. కిడ్నీ జబ్బు ఉన్నవారు. ఆకుకూరలు, కొబ్బరినీళ్ళు, అరటిపండు, కొన్ని పప్పులు ఇతరులకు మేలు చేసినా వీరికి రక్తంలో పొటాషియం పెంచి గుండెకు హాని చేయవచ్చు.

2. గుండె ఆపరేషన్ తరువాత రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు. వీటిలో కొన్ని మందులు వాడేటప్పుడు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, ఒక్కసారిగా మానకూడదు.

3. గర్భిణీలు, క్షయ రోగులు. వీరికి తిండి తగ్గించకూడదు. గుడ్డు, పప్పు, పాలు, వేరుశనగ పెంచాలి.

కంచంలో ఎంత?

కంచంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండాలి. మిగతా సగంలో అన్నమో, రొట్టెయో, సంకటియో ఒక భాగం. పప్పు, గుడ్డు, చేప వంటివి ఒక భాగం. మన ఇళ్ళలో ఇది తలక్రిందులుగా ఉంటుంది: కంచం నిండా అన్నం, ప్రక్కన చెంచాడు కూర.

ఉప్పు: మనిషికి రోజుకు అన్నింటిలో కలిపి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఊరగాయ, అప్పడం, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపల్లోని ఉప్పు కూడా ఈ లెక్కలోదే.

నూనె: మనిషికి రోజుకు 20 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు సుమారు రెండున్నర కిలోలు. మీ ఇంట్లో నెలకు ఎంత కొంటున్నారో ఒకసారి లెక్క చూసుకోండి. ఒకసారి కాగిన నూనెను మళ్ళీ మళ్ళీ వేపుళ్ళకు వాడకండి.

కూరలు, పండ్లు: రోజుకు కనీసం 400 గ్రాములు. ఆపిల్ కొనలేకపోతే బాధ లేదు. జామ, బొప్పాయి, ఉసిరి తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేస్తాయి.

వంటలో పోషకాలు పోనివ్వకండి

బియ్యం మూడు నాలుగుసార్లు పిసికి కడిగితే, గంజి వార్చి పారబోస్తే బి విటమిన్లు నీటితో పోతాయి. ఒకటి రెండుసార్లు కడిగి, అత్తెసరు పెట్టండి. కూరగాయలు కోసిన తరువాత కాక, కోయకముందే ధారగా పడే నీటిలో బాగా కడగండి. ఆకుకూర పప్పు మీద వడ్డించేటప్పుడు నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా అందదు. గంట ఆగండి.

పెరటిలోనే మందుల షాపు

తోటకూర విత్తిన నెలకే కోతకు వస్తుంది. మునగకొమ్మ పాతితే బ్రతుకుతుంది. దాని కాయే కాదు, ఆకు కూడా పప్పులో వేసుకోవచ్చు. స్థలం లేనివారు పగిలిన బక్కెట్లో, పాత గోనెసంచిలో గోంగూర, బచ్చలి వేయవచ్చు. బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు పోస్తే చాలు. కూరల తొక్కలు గుంటలో వేస్తే ఎరువవుతాయి. పురుగుమందు లేని కూర పిల్లలకు పెట్టవచ్చు, పది రూపాయలు మిగులుతాయి.

సంఘముగా మనమేమి చేయగలం?

ఒక్క ఇల్లు మారడం కష్టం, నాలుగిళ్ళు కలిస్తే తేలిక. స్త్రీల సమాజం కూడుకున్నప్పుడు విత్తనాలు పంచుకోండి. కోత పండుగ కానుకల్లో వడ్లతోపాటు జొన్నలు, రాగులు, పెరటి కూరలు తెండి. క్రిస్మస్ ప్రేమవిందులో ప్లాస్టిక్ పళ్ళేలకు బదులు విస్తరాకులు వాడండి. కూల్‌డ్రింకు బదులు మజ్జిగ ఇవ్వండి. యేసు ప్రభువు ఐదు వేలమందికి ఆహారం పంచిన తరువాత మిగిలిన ముక్కలను కూడా నష్టపోకుండా ఏరి కూర్చమన్నారు. పన్నెండు గంపలు నిండాయి. సమృద్ధి ఉన్నచోట కూడా పారవేత తగదని మనకు ఇది పాఠం. దానియేలు, అతని స్నేహితులు రాజు భోజనం వద్దని పది దినములు శాకాహారం, నీళ్ళతో గడిపి మిగిలినవారికన్నా కళగా కనబడ్డారు.

అన్నీ ఒకేరోజు మార్చనక్కరలేదు. ఈ వారం ఊరగాయ జాడీ భోజనాల దగ్గరనుండి తీసి అటకమీద పెట్టండి. వచ్చే వారం ఒక ఆకుకూర మడి వేయండి. తరువాతి వారం ఒక పూట రొట్టె చేయండి. మళ్ళీ పరీక్షకు వచ్చేటప్పుడు రోగి ఏమి తింటున్నారో ఒక కాగితం మీద రాసి తెచ్చి మా డాక్టరుగారికి, ఆహార నిపుణురాలికి చూపించండి. మీ సందేహాలు అడగడానికి మొహమాటపడకండి.

దేవుడు మీ ఇంటిని, మీ భోజనపు బల్లను దీవించును గాక.