రెండు వేళ్లు, రెండు జాబితాలు

పిల్లలూ! గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెల్లో మీరు పుట్టి పెరిగి ఉంటే ప్రత్తి చేను, మిరప కళ్లం మీకు కొత్త కాదు. కాని ఒక్కొక్క పొలానికి ప్రభుత్వం దగ్గర రెండు లెక్కలున్న సంగతి మీరు గమనించారా? ఒకటి భూమి లెక్క: సర్వే నెంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు. రెండవది పంట లెక్క: ఆ సర్వే నెంబరులో ఈ ఏడు ఎవరు, ఏ పంట, ఎంత మేర వేశారన్నది. దీన్ని ఈ-పంట నమోదు అంటారు. భారత ప్రత్తి సంస్థ మద్దతు ధరకు ప్రత్తి కొనేటప్పుడు ఈ నమోదు చూస్తారు. అందులో కనిపించని రైతుకు చిక్కే.

ఈ రెండు లెక్కలనూ కలిపి ఒకే పట్టికగా చేయాలి. ఎట్లా?

పేరును బట్టి కలుపుదామా? ఊళ్లో నలుగురు సుబ్బారావులుంటారు. పైగా ఒక లెక్కలో ‘వెంకట సుబ్బారావు’ అని రాసినవారే రెండో లెక్కలో ‘వి. సుబ్బారావు’ అవుతారు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యే దాకా ఊరి కరణంగారికి ఏ సుబ్బారావు ఎవరో ముఖం చూస్తే తెలిసేది. యంత్రానికి ముఖాలు తెలియవు. ఒక్క చుక్క తేడా వచ్చినా అది వేరే మనిషే అనుకుంటుంది. అంతేకాదు, చేను కౌలుకు చేసే రైతు పేరు పంట లెక్కలో ఉంటుంది, పట్టాదారు పేరు భూమి లెక్కలో ఉంటుంది. పేర్లతో కలిపితే ఆ కౌలురైతు ఎక్కడా జతపడడు.

కాబట్టి సర్వే నెంబరుతో కలపాలి. అయితే 9వ నెంబరు పొలం మీ ఊళ్లోనూ ఉంటుంది, పక్క ఊళ్లోనూ ఉంటుంది. ఊరు, నెంబరు రెండూ కలిస్తేనే ఆ పొలానికి గుర్తు. రెండు పట్టికలను కలిపే ఇలాంటి గుర్తును ‘కీ’ అంటారు. పట్టికలను ఈ విధంగా గుర్తులతో కలపడాన్ని గణితంగా చెప్పినవాడు ఎడ్గర్ కాడ్. ఆయన వ్యాసం 1970లో వెలువడింది.

ఇక యంత్రం ఎట్లా కలుపుతుందో చూద్దాం. ఒక ఊరినే తీసుకుందాం. కాగితం మీద ఎడమవైపు భూమి లెక్క నెంబర్లు 9, 10, 112 అని ఒకదాని క్రింద ఒకటి రాయండి. కుడివైపు పంట లెక్కవీ అట్లాగే రాయండి. రెండు చూపుడువేళ్లు రెండు జాబితాల మొదట పెట్టండి. వేళ్ల క్రింద ఒకే నెంబరుంటే జత కుదిరినట్టు, రెండు వేళ్లూ ముందుకు జరపండి. లేకపోతే చిన్న నెంబరు మీదున్న వేలిని మాత్రమే జరపండి. ఏ వేలూ వెనక్కి పోకూడదు. లక్షల వరుసలున్నా ఒక్క చుట్టులో పని అయిపోతుంది. అమెరికాలో 1930ల చివర్లోనే చిల్లుల కార్డుల కట్టలు రెండింటిని పక్కపక్కన పెట్టి ఇదే పద్ధతిలో జతకలిపే యంత్రాలు వచ్చాయి.

ఇప్పుడొక తమాషా. సర్వే నెంబర్లలో ‘112/2’, ‘9ఎ’ వంటివి ఉంటాయి గదా! అందుచేత యంత్రం కొన్నిసార్లు వాటిని అంకెలుగా గాక మాటలుగా చూస్తుంది. నిఘంటువులో మాదిరిగా మొదటి గుర్తును బట్టి వరుస పెడుతుంది. 1 ముందు, 9 తరువాత. కాబట్టి వరుస 10, 112, 9 అవుతుంది! కుడివైపు జాబితాను ఈ వరుసలో తిరగరాసి మళ్లీ వేళ్లు జరపండి. ఎడమ 9, కుడి 10. చిన్నది 9, ఎడమ వేలు జరిగింది. పదికి పది కుదిరింది, 112కు 112 కుదిరింది. ఎడమ జాబితా అయిపోయింది. కుడివైపు 9 మిగిలిపోయింది!

మా తొమ్మిదో తరగతిలో ఈ ఆట ఆడిస్తే ఒక పిల్లవాడు, “మరి యంత్రం తప్పని చెప్పదా మేష్టారూ?” అన్నాడు. చెప్పదు. పెంటాహో అనే సాఫ్ట్‌వేర్‌లో ఇట్లా కలిపే అంగానికి రెండు జాబితాలూ ఒకే వరుసలో పెట్టి ఇవ్వాలి. ఇవ్వకపోతే తప్పు జవాబు ఇచ్చి ఊరుకోవచ్చు. 9వ నెంబరు రైతు రెండు లెక్కల్లోనూ ఉన్నాడు, కలిపిన లెక్కలో లేడు. అందుకే జతపడని వరుసలను కూడా ఖాళీ గడులతో అట్టిపెట్టమని యంత్రానికి చెప్పాలి. ఆ ఖాళీలను చూస్తే తప్పిపోయినవారు బయటపడతారు. నన్నడిగితే జతపడినవాటికంటె ముందు చూడవలసినవి అవే.

దీనికి తిరకాసుగా, గుర్తు కుదిరినా వస్తువు వేరైపోవచ్చు. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల భాగాలతో పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాయి. 2021 పట్టికలో ‘గుంటూరు’ను 2023 పట్టికలో ‘గుంటూరు’తో కలిపితే యంత్రం సంతోషంగా కలిపేస్తుంది. మిరప విస్తీర్ణం ఒక్కసారిగా పడిపోయినట్టు కనబడుతుంది. పడిపోయింది మిరప కాదు, జిల్లా! మండలాల వారీగా కలిపి కూడుకుంటే ఈ పొరపాటు చాలావరకు తప్పుతుంది.

మీకొక లెక్క. 9వ నెంబరు పొలం 4 ఎకరాలు. అన్నదమ్ములిద్దరిదీ చెరి రెండెకరాలు కాబట్టి భూమి లెక్కలో రెండు వరుసలున్నాయి. అందులో రెండెకరాలు ప్రత్తి, రెండెకరాలు మిరప కాబట్టి పంట లెక్కలోనూ రెండు వరుసలున్నాయి. సర్వే నెంబరు ఒక్కదానితోనే కలిపితే ఎన్ని వరుసలు వస్తాయి? పంట విస్తీర్ణమంతా కూడితే ఎన్ని ఎకరాలు తేలుతుంది? వేసి చూడండి.