'అది' అంటే అంత కోపమెందుకు?

కోయగూడెం నుంచి వచ్చి ఆశ్రమ పాఠశాలలో కొత్తగా చేరిన ఏడేళ్ళ పిల్లను ఊహించుకోండి. టీచరమ్మ గుమ్మంలో కనబడగానే పక్కపిల్లతో "అది వస్తంది" అంటుంది. ఇంకేముంది! "టీచర్ని పట్టుకుని అది, ఇది అంటావా? మర్యాద నేర్చుకో" అని చివాట్లు. పిల్ల బిక్కమొహం వేస్తుంది. తనేం తప్పు మాట్లాడిందో తనకు అర్థం కాదు. పాపం, నిజంగానే తప్పేమీ లేదు.

భద్రాచలం చుట్టుపక్కల దుమ్ముగూడెం, చర్ల మొదలు అటు చింతూరు దాటి ఛత్తీస్‌గఢ్‌లోని కుంట దాకా వినిపించే భాష కోయ. ఆ భాషలో 'అతను' అనడానికి 'ఓండు' అంటారు. 'ఆమె' అనడానికి? 'అద్దు'. గేదెకూ అదే, కుండకూ అదే, కన్నతల్లికీ అదే. ఊరిని బట్టి పలుకుబడి కాస్త మారుతుందేమో గానీ పద్ధతి మాత్రం ఇదే. అందులో చులకన భావం ఇసుమంత కూడా లేదు. ఇంట్లో అమ్మను గురించి చెప్పే మాటనే పిల్ల తెలుగులోకి తెచ్చుకుంది. అక్కడ అమృతమైన మాట ఇక్కడ బూతైపోయింది!

మన తెలుగేమైనా తక్కువ తిన్నదా? ఒక్కసారి గమనించండి. అబ్బాయి 'వచ్చాడు'. అమ్మాయి 'వచ్చింది'. ఆవు కూడా 'వచ్చింది'. బస్సూ 'వచ్చింది', వానా 'వచ్చింది'. చదువుకున్న అమ్మాయైనా, కలెక్టరమ్మయినా ఏకవచనంలో బస్సుతో సమానమే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివాటినే 'మహత్తులు' అన్నారు. అంటే మగవాళ్ళు మహత్తులు, మనం కాదన్నమాట. చెప్పొద్దూ, మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు మండింది.

అయితే నలుగురం కలిస్తే మాత్రం కథ మారుతుంది. ఆడవాళ్ళు 'వచ్చారు', ఆవులు 'వచ్చాయి'. గుంపుగా వెళితేనే మనకు మనుషుల లెక్కలో చోటు! కోయలో ఆ వెసులుబాటు కూడా లేదు, బహువచనంలోనూ స్త్రీలు పశువుల వరసలోనే ఉంటారు. తమిళ, కన్నడ భాషల్లో ఆడవాళ్ళకు విడిగా మాటలున్నాయి. 'అవళ్', 'అవళు' అని. అంతమాత్రాన అక్కడి కోడళ్ళు మనకంటే సుఖంగా ఉన్నారని చెప్పలేం. వ్యాకరణం వేరు, కాపురం వేరు.

మరి గౌరవించాలంటే ఏం చేస్తాం? ఒక్కరినే పదిమందిని చేస్తాం. "అత్తయ్యగారు వచ్చారు" అంటాం. ఇదీ అందరికీ ఒకటి కాదు. కృష్ణా జిల్లా నుంచి ఖమ్మం వచ్చిన కోడలు గారూ, అండీ లేకుండా మాట్లాడదు. ఇక్కడి ఇంట్లోనేమో "మా అత్తమ్మ వచ్చింది", "నువ్వు తిను అత్తమ్మా" అనడం సహజం. ఈమెకు అది మొరటు, వాళ్ళకు ఈమెది అంటీముట్టని వ్యవహారం. "మా కోడలికి కలుపుగోలుతనం లేదమ్మా" అనే ఫిర్యాదు వెనక సగం ఇలాంటి 'అండీ'లే ఉంటాయనిపిస్తుంది.

కొత్తకోడలికి ఇంకో చిక్కు 'మా', 'మన'. "మా ఇంట్లో ఇలా చేస్తాం" అంటే ఆ 'మా' ఎవరు? పుట్టిల్లా, అత్తిల్లా? "మన ఇంట్లో" అనే రోజు వచ్చిందంటే కాపురం కుదుటపడ్డట్టే. ఎదుటివాళ్ళను కలుపుకునే 'మనం', కలుపుకోని 'మేము' అనే ఈ తేడా కోయలోనూ ఉంది. సముద్రాల అవతల ఇండోనేషియాలోనూ ఉంది, అక్కడ 'కిత', 'కామి' అంటారు. ఇంగ్లీషు వాళ్ళకు మాత్రం రెంటికీ ఒకటే మాట.

ఇండోనేషియా మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. 'మీరా, నువ్వా' అని తేలనప్పుడు మనం ఏం చేస్తాం? "తిన్నావా" అంటే చనువు, "తిన్నారా" అంటే దూరం. మాట తీసేసినా క్రియ తోక పట్టిస్తుంది. అందుకే "భోజనం అయిందా?" అని గడుసుగా తప్పించుకుంటాం. భర్తను ఎలా పిలవాలో తెలియని మన అమ్మమ్మలు ఈ ఒక్క వాక్యంతో ఏళ్ళు నెట్టుకొచ్చారు! ఇండోనేషియా వాళ్ళకు ఈ తంటా లేదు. "సుదా మకాన్?" అంటే చాలు. ఎవరు తిన్నారో అందులో ఉండదు. ఆడ, మగ తేడా లేకుండా 'దియా' ఒక్కటే మాట. ఎదుటి మనిషిని 'నువ్వు' అనకుండా 'ఇబు' (అమ్మా), 'బపాక్' (అయ్యా) అని వరస పెట్టి పిలుస్తారు.

అక్కడి జావా భాష మాత్రం మనల్ని మించింది. తినడానికి ఇంట్లోవాళ్ళతో ఒక మాట, 'మంగన్'. మర్యాదగా మాట్లాడేటప్పుడు తన గురించి 'నెద', పెద్దల గురించి 'దహర్'. పొరపాటున తనకే 'దహర్' వాడుకుంటే నవ్వులపాలే. మనలో ఎవరైనా "నేను విచ్చేశాను" అన్నట్టు! భార్య భర్తను పేరు పెట్టి పిలవకుండా పిల్లల తండ్రి అనే అర్థంలో 'పక్నే' అనడం ఉంది, మన 'బుజ్జిగాడి నాన్న' లాగానే. అన్నను పిలిచే 'మాస్' అనే మాటతోనే భర్తనూ పిలుస్తారు. మన ఇళ్ళల్లో అలా అంటే ఏమవుతుందో వేరే చెప్పాలా!

మళ్ళీ మన ఏజెన్సీకి వద్దాం. అమెరికా పండితుడు స్టీఫెన్ టైలర్ గోదావరి ఒడ్డు గొమ్ముకోయల భాషకు వ్యాకరణం రాశారు, 1969లో అచ్చయింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన పిల్లలకు మాతృభాషలో పాఠాలు మొదలుపెట్టినప్పుడు కోయనూ చేర్చారు. పుస్తకాల దాకా ఆ భాష వచ్చింది గానీ, మన చెవుల దాకా రాలేదు.

సంతరోజు చూడండి. చింతపండు, చీపుళ్ళు తెచ్చిన కోయ ఆడమనిషి తల్లి వయసుదైనా "ఏయ్, ఎంతకిస్తవ్?" అంటాం. ఆమె వెళ్ళాక "అది ఎక్కువ చెప్తంది" అంటాం. 'అద్దు' అనడం తప్ప ఆ పిల్లకు వేరే మాట లేదు. మనకేమో అమ్మా, అక్కా, పెద్దమ్మా, ఆమె, ఆవిడ... ఇన్ని ఉన్నాయి. ఈసారి సంతకు వెళ్ళినప్పుడు "పెద్దమ్మా, ఎంత?" అని అడిగి చూడండి. ధర తగ్గకపోవచ్చు. ఆమె తలెత్తి మీ మొహంలోకి చూస్తుంది.