ఇంజన్ దీపం ఎందుకు వెలిగింది?

దోర్నాల నుంచి శ్రీశైలం దాకా ఘాట్ రోడ్డు. చుట్టూ నల్లమల అడవి. ఈ దారిలో బాడుగ కార్లు తిరుగుతాయి. ఆ బాడుగ మీదే బతికే ఇళ్లు ఉన్నాయి. కారు పెట్రోలు ఎక్కువ తాగితే ఆ ఇంట్లో ఏం మిగులుతుంది?

పొయ్యి సంగతి మీకు తెలుసు కదా. గాలి ఆడకపోతే పొగ కమ్ముతుంది. ఇంజనూ అంతే. ఒక కిలో పెట్రోలు బాగా మండాలంటే దాదాపు 15 కిలోల గాలి కావాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఆక్సిజన్ సెన్సర్. వేలెడంత ఉంటుంది. పొగగొట్టానికి బిగించి ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కారులోని కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు దాన్ని బట్టి పెట్రోలు పంపుతుంది. సెన్సర్ తప్పు చెబితే పెట్రోలు వృథా అవుతుంది. నల్లపొగ రావచ్చు. స్టీరింగు ముందు ఇంజన్ బొమ్మ పసుపుగా వెలుగుతుంది. అది మినుకు మినుకుమంటే మాత్రం ఘాట్‌లో ముందుకు పోవద్దు. పక్కకు ఆపాలి.

దీపం వెలిగింది కదా అని వెంటనే సెన్సర్ కొనకండి. వేరే జబ్బులకూ ఆ దీపం వెలుగుతుంది. మెకానిక్ స్కానర్ తగిలిస్తే ఒక నంబరు కనిపిస్తుంది. ఎక్కడ వెతకాలో అది చెబుతుంది, అంతే. వైరును ఎలుక కొరికి ఉండవచ్చు. గొట్టానికి చిల్లు పడి బయటి గాలి దూరి ఉండవచ్చు. ఇవి చూడకుండా కొత్తది వేస్తే డబ్బు దండగ. దీపం మళ్లీ వెలుగుతుంది. "వైరు చూశావా నాయనా?" అని మెకానిక్‌ను అడగండి. అడగడానికి బండి నడపడం రానక్కర్లేదు.

వైరూ గొట్టమూ బాగుంటే, సెన్సర్‌నే పరీక్ష చేసి మార్చాలి. ఇంజన్ చల్లారాక పాతది విప్పాలి, లేకుంటే చేయి కాలుతుంది. కొత్తదాని కొనకు నూనె అంటకూడదు. ఆ తర్వాత స్కానర్‌తో పాత నంబరు చెరిపి, కారును కొంతదూరం నడిపి చూస్తారు.