చిన్న పెట్టెలో మంద్రం

బేస్ గిటారుకు సాధారణంగా నాలుగు తీగలు. అన్నిటికన్నా లావుపాటి ‘ఈ’ తీగను విడిగా మీటితే అది సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మిగతా మూడూ వరసగా 55, 73, 98 సార్లు. ఐదు తీగల వాద్యమైతే అడుగు స్వరం 31 దగ్గరికి దిగుతుంది. ఇంత మంద్రమైన ధ్వనిని గాలిలోకి పంపడం మామూలు గిటారును వినిపించినంత సులువు కాదు. సెకనుకు 41 కంపనాల, అంటే 41 హెర్ట్జ్, తరంగం పొడవు ఎనిమిది మీటర్లకు పైమాటే. శబ్దం తగ్గకుండా ఒక స్థాయి కిందికి దిగాలంటే స్పీకరు కోను నాలుగింతలు ఎక్కువగా ముందుకూ వెనక్కూ ఆడాలి. మామూలు గిటారు ఆంప్లిఫయరు (ఆంప్)లో బేస్ పెట్టి గట్టిగా వాయిస్తే స్పీకరు చిరిగేది ఇందుకే.

ఈ పనికి రెండు సామాన్లు కావాలి. సంకేతాన్ని పెంచే యంత్రాన్ని వాయిద్యకారులు ‘హెడ్డు’ అంటారు. స్పీకరు బిగించిన పెట్టె ‘బాక్సు’. రెండూ ఒకే పెట్టెలో ఉంటే అది ‘కాంబో’.

ఈ సామాను మోసుకు తిరగాల్సిన ఒక చోటును చూద్దాం. దొరవారిసత్రం చెన్నై-గూడూరు రైలు మార్గం మీద, 16వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉంటుంది. 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. ఇలాంటి చోట బేస్ వాయించే మనిషికి కచేరీ అంటే ఒకరోజు చర్చిలో క్రిస్మస్ ఆరాధన, ఇంకోరోజు సూళ్లూరుపేటలోనో నాయుడుపేటలోనో పెళ్లి ఆర్కెస్ట్రా, మరోరోజు తిరునాళ్ల వేదిక. సామాను ఆటోలోనో, స్కూటీ మీద కాళ్ల దగ్గరో, ప్యాసింజరు రైల్లోనో పోవాలి. కాబట్టి ‘చిన్నది’ అన్న మాట ఇక్కడ సరదా కాదు, అవసరం.

ఒకప్పుడు చిన్నది దొరికేదే కాదు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను బజారులోకి తెచ్చాడు. దానికి తగిన ఆంప్ బేస్‌మ్యాన్ 1952లో వచ్చింది. 1960లో ఆంపెగ్ కంపెనీ బీ-15 అనే నమూనా చేసింది. పని అయ్యాక దాని హెడ్డును తలకిందులుగా తిప్పి బాక్సు లోపలే దాచేయవచ్చు. సామాను మోత గురించి అప్పటికే ఎవరో గట్టిగా ఆలోచించారన్నమాట. అదే కంపెనీ 1969లో తెచ్చిన ఎస్‌వీటీ దీనికి పూర్తి విరుద్ధం. 300 వాట్ల వాల్వు ఆంప్, దాని కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది. హెడ్డే 35 కిలోలకు పైన, బాక్సు 60 కిలోలు దాటుతుంది. ఆ ఏడాది అమెరికా యాత్రలో రోలింగ్ స్టోన్స్ బృందం దాని తొలి నమూనాలను వాడింది. పెద్ద మైదానాల్లో ఆ బృందం మోతకు అది సరిపోయింది. ఆటోలో మాత్రం పట్టదు.

బరువు తగ్గించినవి మూడు మార్పులు. మొదటిది ‘క్లాస్ డి’ పద్ధతి. పాత ట్రాన్సిస్టర్ ఆంప్‌లు తీసుకున్న కరెంటులో సగానికి కాస్త అటూ ఇటుగా వేడి కింద పోగొట్టేవి. క్లాస్ డి ఆంప్ దాదాపు తొంభై శాతం స్పీకరుకు పంపుతుంది. వేడి తక్కువ గనుక పెద్ద అల్యూమినియం రెక్కలు అక్కర్లేదు. రెండోది ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ స్థానంలో వచ్చిన స్విచింగ్ సరఫరా. మూడోది 1980లలో కనిపెట్టిన నియోడిమియం అయస్కాంతం. పాత ఫెర్రైట్ బిళ్ల చేసే పనిని అది చాలా తక్కువ బరువుతో చేస్తుంది. ఫలితంగా 500 వాట్ల హెడ్డు రెండు మూడు కిలోలకు దిగింది. ఇటలీలో తయారయ్యే మార్క్‌బేస్ వంటివి ఈ దారిలోనే పేరు తెచ్చుకున్నాయి. కాంబోలలోనూ అంతే. ఫెండర్ రంబుల్ 100 మోడల్‌లో పన్నెండు అంగుళాల స్పీకరు ఉన్నా బరువు పది కిలోలు.

హెడ్డు ఎంత చిన్నదైనా ఇబ్బంది లేదు. బాక్సు సంగతి అలా కాదు. ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డం వస్తుంది. 1960ల మొదట్లో అమెరికాలో స్పీకర్లు రూపొందించిన జె. అంటన్ హాఫ్‌మన్ దీన్ని ఒక సూత్రంగా చెప్పాడు. పెట్టె చిన్నగా ఉండాలి, అడుగు స్వరం దాకా పలకాలి, కొద్దిపాటి కరెంటుకే గట్టిగా మోగాలి. ఈ మూడింటిలో ఏ రెండైనా దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. తర్వాత ఆస్ట్రేలియాలో పనిచేసిన నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ ఈ లెక్కలను స్థిరపరిచారు. పెట్టెకు ఎంత ఘనపరిమాణం ఉండాలి, గాలి రంధ్రం ఎంత పొడవుండాలి అన్నది ఇప్పుడు ముందే లెక్కగట్టి తెలుసుకోవచ్చు. కానీ ఎవరి లెక్కా ఆ సూత్రాన్ని దాటలేదు. అరచేతిలో పట్టేంత పెట్టె భూమి అదిరేలా మోగుతుందని ఏ ప్రకటన చెప్పినా, మూడింటిలో దేన్ని వదులుకున్నారో వెతకాలి.

చాలా చిన్న బాక్సులు వదులుకునేది అడుగు స్వరాన్నే. 41 హెర్ట్జ్ దగ్గర వాటి మోత బాగా పడిపోతుంది. అయినా ఆ స్వరం వినిపించినట్టే ఉంటుంది. ఎందుకంటే తీగ 41తో పాటు 82, 123 వంటి పై గుణిజాల్లోనూ మోగుతుంది. వాటిని పట్టుకుని లేని మూలస్వరాన్ని చెవి తనంతట తానే పూరించుకుంటుంది. కనుక ఒక బాక్సు 40 దాకా పలకడం లేదని దాన్ని పక్కన పడేయనక్కర్లేదు. 80 నుంచి పైకి నిండుగా పలుకుతోందా అన్నదే అసలు పరీక్ష.

తెలుగు సినిమా పాటలు వాయించేవారికి ఇది ఇంకా బాగా వర్తిస్తుంది. 1980లలో ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు కింద ఊరికే తాళం కొట్టదు, పాట పక్కనే తన సొంత వరస పాడుకుంటూ పోతుంది. ఆయన దగ్గర దశాబ్దాల పాటు బేస్ వాయించినవారు శశిధరన్. ఆ పలుకులు ఎక్కువగా పై తీగల మీదికి ఎక్కుతాయి. ‘జీ’ తీగ పన్నెండో మెట్టు దగ్గర స్వరం 196 హెర్ట్జ్. ఇలాంటి వాయింపులో ప్రతి స్వరమూ విడివిడిగా తెలియాలంటే 200 నుంచి 800 హెర్ట్జ్ వరకు ఉన్న భాగం శుభ్రంగా రావాలి. అడుగున గుమ్మని మోగుతూ మధ్యలో మసకబారే పెద్ద బాక్సు కన్నా, అడుగు కొంచెం తక్కువైనా మధ్యభాగం స్పష్టంగా ఉండే చిన్న బాక్సే ఇక్కడ మేలు.

స్పీకరు అంగుళాలను బట్టి స్వరం తేల్చే అలవాటు ఒకటి ఉంది. పదికి చురుకు, పదిహేనుకు లోతు అంటారు. అది సగమే నిజం. మంచి పన్నెండు అంగుళాల స్పీకరు నాసిరకం పదిహేను కన్నా కిందికి దిగగలదు. నాలుగైదు అంగుళాల స్పీకర్లతో ఫిల్ జోన్స్ కంపెనీ మంచి బేస్ ఆంప్‌లే చేస్తోంది. కాకపోతే వాటిలో చిన్నవి ఇంట్లో సాధనకూ చిన్న గదికీ సరిపోయేవి. ఒకే ఒక బాక్సు కొనగలిగినవారికి పన్నెండు అంగుళాల స్పీకరు ఒకటి ఉన్న నియోడిమియం బాక్సు అన్ని విధాలా తగినది. పది నుంచి పదిహేను కిలోల్లో దొరుకుతుంది.

బాక్సు కాగితం మీద అందరూ చూసేది వాట్లు. చూడవలసింది సున్నితత్వం. ఒక వాట్ ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌లు మోగుతుందన్నది ఆ అంకె. రెండు బాక్సులున్నాయనుకుందాం, ఒకటి 94, ఇంకొకటి 100. తేడా ఆరే కదా అనిపిస్తుంది. కానీ ప్రతి మూడు డెసిబెల్‌లకూ వాట్లు రెట్టింపు కావాలి. అంటే రెండో బాక్సుకు 100 వాట్లు ఇస్తే వచ్చే మోత మొదటిదాంట్లో రావాలంటే 400 వాట్లు పోయాలి. చెవికి ‘రెండింతలు’ అనిపించాలంటే పదింతల వాట్లు కావాలి. 300 వాట్ల హెడ్డుకూ 500 వాట్ల హెడ్డుకూ మధ్య తేడా చెవికి రెండు డెసిబెల్‌లు, అంతకు మించి లేదు. ఆ సొమ్ము బాక్సుకు పెట్టడం తెలివి. బాక్సు ముందు, హెడ్డు తర్వాత.

అడుగు స్వరం చాలడం లేదని ఆంప్‌లో బేస్ మీటను కుడివైపు చివరిదాకా తిప్పడం మరో పొరపాటు. పది డెసిబెల్‌లు పెంచితే ఆ భాగంలో పదింతల శక్తి స్పీకరు మీద పడుతుంది. చిన్న స్పీకరు అంత దూరం ఆడలేక టపటపమంటుంది. దీనికి విరుగుడు కొన్ని హెడ్డుల్లో ఉండే హై-పాస్ ఫిల్టర్. 30, 40 హెర్ట్జ్‌ల కిందిదాన్ని అది కోసేస్తుంది. వినేవారికి తేడా తెలియదు, స్పీకరు మాత్రం ఊపిరి పీల్చుకుంటుంది.

బాక్సు నిరోధం, అంటే ఓమ్‌ల లెక్క, తప్పితే హెడ్డు కాలిపోవచ్చు. హెడ్డు మీద ‘4 ఓమ్‌లకు 500 వాట్లు’ అని ఉంటే, 8 ఓమ్‌ల బాక్సు ఒక్కటే తగిలించినప్పుడు అందులో సగమో, సగం కన్నా కొంచెం ఎక్కువో వస్తుంది. 8 ఓమ్‌ల బాక్సులు రెండు కలిపితే మొత్తం 4 ఓమ్‌లు. 4 ఓమ్‌లవి రెండు కలిపితే 2. చాలా చిన్న హెడ్డులు అంత కిందికి తట్టుకోవు. ముందుముందు ఇంకో బాక్సు కొనే ఆలోచన ఉన్నవారు మొదటే 8 ఓమ్‌లది తీసుకోవాలి. అలాంటిదే రెండోది జతచేస్తే అడుగు స్వరాల్లో మోత ఆరు డెసిబెల్‌ల దాకా పెరగవచ్చు. కచేరీ చిన్నదైతే ఒక్కటే తీసుకుపోవచ్చు.

హెడ్డుకూ బాక్సుకూ మధ్య వేయాల్సింది స్పీకరు వైరే. చూడటానికి ఒకేలా ఉన్నా గిటారు కేబుల్ లోపలి తీగ సన్నం, అది వేడెక్కుతుంది. మెలితిప్పి బిగించే స్పీకాన్ పిన్ను ఉన్నవి మేలు. వాయిస్తుండగా ఊడిరాదు, తగిలించేటప్పుడు రెండు కొసలూ ఒకదానికొకటి తగిలి షార్ట్ కాదు. చాలా క్లాస్ డి హెడ్డుల్లో స్పీకరు కొసలు రెంటిలో ఏదీ ఎర్త్ కాదు కూడా. అందుకే ఆ వైరును పొరపాటున కూడా మిక్సరుకు పెట్టకూడదు.

మిక్సరుకు వెళ్లాల్సింది హెడ్డు వెనక ఉండే ‘డీఐ’ అనే సాకెట్ నుంచి. కళ్యాణ మండపంలోనో తిరునాళ్లలోనో జనానికి బేస్ వినిపించేది మైక్‌సెట్టువారి పెద్ద బాక్సులే. వాయిద్యకారుడి పక్కనున్న చిన్న బాక్సు పని అతనికీ కీబోర్డు, ప్యాడ్స్ వాయించేవారికీ వినిపించడం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెల్‌లు పడిపోతుంది గనుక, ఒక్క పెట్టెతో మైదానమంతా నింపుదామనే ప్రయత్నం దండగ. మైక్‌సెట్టులో పాత రేకు హార్న్‌లు మాత్రమే ఉంటే సంగతి వేరు. అవి మాటల కోసం పుట్టినవి, మంద్రం వాటి గుండా రాదు. అక్కడ బాక్సును గోడకు, వీలైతే మూలకు, ఆనించి పెడితే అడుగు స్వరానికి బలం వస్తుంది. చిన్న చర్చి హాలులోనూ ఇదే ఉపాయం. అడుగు మోత మరీ ఎక్కువైతే ఒక అడుగు ముందుకు జరిపితే సరి.

మోతకు చట్టపరమైన హద్దూ ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా పండగ సందర్భాల్లో ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు హద్దు. ఇక్కడో చిత్రం ఉంది. ఆ కొలత చెవి స్పందనను అనుసరించి మంద్రాన్ని బాగా తగ్గించి చూపుతుంది. 40 హెర్ట్జ్ దగ్గర దాదాపు 35 డెసిబెల్‌లు తక్కువగా. మీటరు బాగానే ఉందన్నా పక్కింటి కిటికీ రెక్కలు అదురుతూనే ఉంటాయి. దొరవారిసత్రం మండలంలోనే నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం ఉంది. చలికాలంలో గూడబాతులు అక్కడ గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఆ కేంద్రం దరిదాపుల్లో సంగీతం తక్కువగా ఉండటమే న్యాయం.

కరెంటు విషయం అమ్మేవారు అంతగా చెప్పరు. హెడ్డు వెనకపట్టీ మీద 230 వోల్టులు అని ఉందో లేదో చూడాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చినవి 120కి మాత్రమే పనిచేసేవి కావచ్చు. 100 నుంచి 240 దాకా ఏదైనా తీసుకునే రకమైతే జనరేటరు వోల్టేజి దిగినా ఆగిపోదు. గుర్రుమనే చప్పుడు పోవడానికి కొందరు ప్లగ్గులోని మూడో పిన్ను విరిచేస్తారు. చప్పుడు పోతుంది, రక్షణ కూడా పోతుంది. చేతిలో తీగలు, పెదవికి తగిలే మైకు, రెంటికీ మధ్య కరెంటు పారితే ప్రాణాల మీదికి వస్తుంది. డీఐ పక్కనుండే ‘గ్రౌండ్ లిఫ్ట్’ మీట ఈ చప్పుడు కోసమే పెట్టింది. పులికాట్ సరస్సు వైపు ఉప్పుగాలి మరో శత్రువు. పిన్నులు, మేకులు త్వరగా తుప్పుపడతాయి. చెక్కపొట్టు అతికించిన పలకతో చేసిన బాక్సు తేమకు ఉబ్బి మూలల్లో విచ్చుకుంటుంది. ప్లైవుడ్‌ది తేలిక, మన్నిక కూడా.

కొనుగోలుకు ఈ ప్రాంతంవారికి దగ్గర పెద్ద బజారు చెన్నై. అక్కడి మౌంట్ రోడ్డులోని మ్యూసీ మ్యూజికల్ 1842 నాటి దుకాణం. దుకాణం ఏదైనా సొంత గిటారు పట్టుకెళ్లాలి. మీటలన్నీ మధ్యలో ఉంచి, అడుగు తీగ నుంచి పై మెట్ల దాకా ఒక్కో స్వరమే నెమ్మదిగా వాయిస్తూ పోవాలి. ఏదో ఒక స్వరం దగ్గర మాత్రమే పెట్టె ఎగిరిపడినట్టు మోగితే దాని నిర్మాణంలో లోపముంది. పాత బాక్సు కొనేటప్పుడు జాలీ తీసి కోను అంచులు చూడాలి. రెండు చేతుల వేళ్లతో కోనును సమంగా, మెల్లగా లోపలికి నొక్కితే ఏ గీరుడూ లేకుండా కదలాలి. గరగరమంటే లోపలి చుట్ట కాలిందని అర్థం. మల్టీమీటరు దొరికితే మరీ మంచిది. 8 ఓమ్‌ల స్పీకరు దాని మీద ఆరు దగ్గర, 4 ఓమ్‌లది మూడు, మూడున్నర దగ్గర చూపుతుంది. ముల్లు కదలకపోతే లోపలి తీగ తెగిందన్నమాట. అప్పుడు బేరం కొత్త స్పీకరు ధర తీసేసి మొదలుపెట్టాలి.